సరుకు పేరూ మార్కా పేరూ: చర్మం మందుల చరిత్ర కొంచెం



పోయిన నెల పిక్కిలిలో మన వాళ్ళ ఇంటి శుభకార్యానికి వెళ్ళి ఉంటిమి. భోజనాల పంక్తిలో ఒక వాదన లేచింది. ఒక పెద్దాయన చేతికి తామర. సర్కారు ఆస్పత్రిలో ఇచ్చిన కళింబు ఉత్త పిండి లాంటిదనీ, పెన్నాగరం పోయి కంపెనీ ట్యూబు కొనుక్కుంటే మూడు రోజుల్లో తగ్గిందనీ ఆయన మాట. ఎదురుగా కూర్చున్న కుర్రవాడు కాలేజీ చదువుతున్నాడు. "మామా, రెండూ ఒకటే మందు. మీరు డబ్బాకూ ప్రకటనకూ డబ్బులిస్తున్నారు" అన్నాడు. చివరికి అందరూ మా వైపు తిరిగి, "మీరు రైల్వేలో ఉన్నవారు, ముప్పై ఏళ్ళు ఆస్పత్రి మందే వాడినారు, మీరు చెప్పండి" అన్నారు.

ఆ రోజు మేము నవ్వి ఊరుకున్నాము. ఊరుకోవడానికి కారణం ఉంది, అది కింద చెబుతాము. ఇంటికి వచ్చిన తర్వాత మనసు ఊరుకోలేదు. పాత కాగితాలు తీసి, తెలిసినవారిని అడిగి, చదవగలిగింది చదివి ఇది రాస్తున్నాము. మేము బడిలో చదివింది తమిళం. తెలుగు అమ్మ దగ్గర మాట్లాడటం నేర్చుకుని, అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నాము. తప్పులుంటే సరిదిద్దండి.

ముందు పేర్ల సంగతి. మనం తామర అంటాము. తమిళంలో పడర్ తామరై అంటారు. రెండు భాషలకూ ఆ మచ్చ పాకే తీరు చూస్తే తామర ఆకే గుర్తొచ్చింది. మన ఇళ్ళలో కరపాణి అంటే తమిళంలో కరప్పాన్. కానీ డాక్టర్ల లెక్కలో ఈ రెండూ ఒకటి కావు. తామర బూజు జాతి వల్ల వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. కరపాణి అని మనం పిలిచేవాటిలో ఎక్కువ భాగం ఎగ్జిమా. అది అంటుకోదు, ఒంటి తత్వం వల్ల వస్తుంది. గజ్జి ఇంకొకటి, అది చర్మంలో దూరే చిన్న పురుగు పని. మూడింటికీ దురద ఉంటుంది కాబట్టి మూడింటికీ ఒకే మందు అనుకోవడం మన పాత అలవాటు. ఈ వ్యాసంలో కష్టమంతా అక్కడినుంచే వచ్చింది.

మన అవ్వల కాలంలో ట్యూబులు లేవు. కుప్పింటాకు ఉప్పుతో నూరి పూసేవారు. సీమ అవిసాకు తామరకు పూసేవారు. కానుగ నూనె, వేపాకు, పసుపు, గంధకం ఉండేవి. కొన్ని పనిచేసేవి, కొన్ని చేసేవి కావు. అయితే ఒక మాట. ఆకు తెచ్చినవారికి అది ఏ ఆకో తెలుసు. ఆ తెలివి ట్యూబు వచ్చాక పోయింది.

ట్యూబులోని మందు పుట్టిన కథ అమెరికాలో మొదలవుతుంది. మన మూత్రపిండాల పైన టోపీ లాగా రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. వాటిలోంచి వచ్చే రసాయనాలను మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ వేరుచేశారు. స్విట్జర్లాండులో రైఖ్‌స్టైన్ అనే ఆయన కూడా అదే పని చేశారు. 1948 సెప్టెంబరులో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్ళవాతంతో మంచాన పడిన ఒక స్త్రీకి కార్టిసోన్ సూది వేసింది. కొద్ది రోజుల్లో ఆమె లేచి నడిచింది. 1950లో ఈ ముగ్గురికీ నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇక్కడ మన మనిషి ఒకరిని తలచుకోవాలి. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఖద్దరు కట్టినందుకు తెల్లదొర ప్రొఫెసరుకు కోపం వచ్చి, పెద్ద డిగ్రీ దక్కక ఎల్.ఎం.ఎస్. తోనే బయటికి రావలసివచ్చిన మనిషి. ఆయన అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనకు పెద్దగా ఉండి, 1948 ఆగస్టులో కన్నుమూశారు. కార్టిసోన్ మొదటి సూది ఆ మరుసటి నెల. 1950ల చివర్లో అదే లెడర్లీ నుంచి ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్ వచ్చింది. అది సుబ్బారావు గారి పని కాదు, అలా చెప్పకూడదు. కానీ ఆయన నడిపిన పరిశోధనశాల ఆయన తర్వాత కూడా ఆగలేదని చెప్పవచ్చు.

కార్టిసోన్ మొదట్లో బంగారం కంటే ప్రియం. మెర్క్ కంపెనీ ఎద్దు పిత్తం నుంచి ముప్పైకి పైగా మెట్లలో దాన్ని తయారుచేసేది. 1949లో గ్రాము 200 డాలర్లు. తర్వాత మెక్సికోలో దొరికే ఒక అడవి గడ్డ నుంచి ఇలాంటి రసాయనాలు చేయవచ్చని రసెల్ మార్కర్ దారి చూపారు. 1952లో అప్‌జాన్ కంపెనీ వారు కష్టమైన ఒక మెట్టును ఒక బూజు చేతనే చేయించారు. ధర కొన్నేళ్ళలోనే పడిపోయింది. చర్మం మీది బూజుకు వాడకూడని మందును చవక చేసింది కూడా ఒక బూజే. ఇది చదివినప్పుడు మాకు నవ్వొచ్చింది.

చర్మానికి కార్టిసోన్ పైన పూస్తే పనిచేయలేదు. 1952లో సల్జ్‌బర్గర్, విట్టెన్ అనే ఇద్దరు డాక్టర్లు దాని తోబుట్టువు హైడ్రోకార్టిసోన్‌ను పూసి చూశారు. ఎగ్జిమా తగ్గింది. చర్మ వైద్యం ఆ రోజుతో మారిపోయింది. అంతకుముందు తారు, గంధకం, జింకు పూతలు తప్ప డాక్టర్ల చేతిలో పెద్దగా ఏమీ లేదు.

ఆ తర్వాత పందెం మొదలైంది. ఇంకా బలమైనది, ఇంకా బలమైనది. బలం కొలవడానికి ఒక కొలబద్ద కావాలి గదా. 1962లో మెకెన్జీ, స్టౌటన్ అనే ఇద్దరు ఒక సులువైన పరీక్ష కనిపెట్టారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ముంజేతి మీద చుక్క మందు వేసి, మూసి, మరునాడు తీసి చూడటం. స్టెరాయిడ్ సన్నని రక్తనాళాలను ముడిచేస్తుంది కాబట్టి ఆ చోటు తెల్లబడుతుంది. ఎంత తెల్లబడితే అంత బలం. ఇంగ్లండులో గ్లాక్సో కంపెనీ ఈ పరీక్షతో ఎన్నో రసాయనాలను చూసి బెటామెథసోన్ వాలరేట్‌ను ఏరుకుంది. దానికి పెట్టిన మార్కా పేరు బెట్నోవేట్. 1970ల్లో అదే కంపెనీ నుంచి ఇంకా బలమైన క్లొబెటసోల్ ప్రొపియొనేట్ వచ్చింది. అక్కడ దాని పేరు డెర్మోవేట్, మన దేశంలో టెనోవేట్.

బ్రిటన్‌లో వీటిని నాలుగు తరగతులుగా పెట్టారు. మెత్తనిది ఒక శాతం హైడ్రోకార్టిసోన్. మధ్యమం క్లొబెటసోన్ బ్యూటిరేట్. బలమైనది 0.1 శాతం బెటామెథసోన్ వాలరేట్. అతి బలమైనది 0.05 శాతం క్లొబెటసోల్ ప్రొపియొనేట్. ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, శాతం చిన్నదైతే మందు మెత్తనిది అనుకోకూడదు. 0.05 శాతం ఉన్న క్లొబెటసోల్, ఒక శాతం ఉన్న హైడ్రోకార్టిసోన్ కంటే ఎన్నో వందల రెట్లు బలం. రెండు, క్లొబెటసోన్, క్లొబెటసోల్ అని ఒక్క అక్షరం తేడాతో రెండు మందులున్నాయి, వాటి మధ్య రెండు తరగతుల దూరముంది. రైల్వేలో ఒక్క అంకె తప్పు రాస్తే వ్యాగను సేలానికి బదులు షోలాపూర్ పోతుంది. ఇదీ అంతే.

ఇప్పుడు సరుకు పేరూ మార్కా పేరూ సంగతి. మేము పార్సెల్ ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేసినాము. రసీదులో సరుకు పేరుకు ఒక గడి ఉంటుంది, పంపినవారి ప్రైవేటు మార్కాకు ఒక గడి ఉంటుంది. మామిడి పండ్లు అన్నది సరుకు. బుట్ట మీద రాసిన "కె.ఎస్." అన్నది మార్కా. కిరాయి వేసేది సరుకు మీదే, మార్కా మీద కాదు. మందుకు కూడా రెండు పేర్లుంటాయి. క్లొబెటసోల్ ప్రొపియొనేట్ సరుకు పేరు, ప్రపంచమంతా ఒకటే. మార్కా పేరు కంపెనీ ఇష్టం. మన జనం మార్కా చదివి సరుకు చదవడం మానేశారు.

మొదట్లో ఒకే సరుకుకు ఒకే మార్కా ఉండేది. తెల్లదొరల కాలపు 1911 పేటెంటు చట్టం ప్రకారం మందు కనిపెట్టిన కంపెనీకి 16 ఏళ్ళు గుత్తాధికారం. స్వతంత్రం వచ్చాక జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ గారు 1959లో ఒక నివేదిక ఇచ్చారు. దాని ఆధారంగా 1970లో కొత్త చట్టం వచ్చి, 1972 ఏప్రిల్ 20 నుంచి అమలయింది. 2005 దాకా మందు మీద కాకుండా, మందు చేసే పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఉండేది. అదీ ఐదు నుంచి ఏడేళ్ళే. అంటే వేరే దారిలో అదే మందును చేస్తే అప్పట్లో తప్పు ఉండేది కాదు.

వేరే దారి తెలిసినవారు కావాలి. వారు ఎక్కువమంది తయారైనది హైదరాబాదులో. 1961లో ప్రభుత్వం ఐ.డి.పి.ఎల్. పెట్టింది. రష్యా సాయంతో రిషీకేశ్‌లో యాంటిబయాటిక్స్ ఫ్యాక్టరీ, హైదరాబాదు బాలానగర్‌లో సింథటిక్ మందుల ఫ్యాక్టరీ, మద్రాసు నందంబాక్కంలో ఆపరేషను పనిముట్ల ఫ్యాక్టరీ. బాలానగర్‌లో పని నేర్చుకున్న ఇంజనీర్లు, రసాయన శాస్త్రజ్ఞులు తర్వాత సొంతంగా కంపెనీలు పెట్టారు. తాడేపల్లిలో పుట్టిన కల్లం అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసినవారే. 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. 1986లో అరబిందో, 1990లో దివీస్ వచ్చాయి. ఇవాళ అమెరికాలో ముసలివాళ్ళు మింగే చవక మాత్రల్లో చాలా భాగానికి మూలం మన తెలుగు నేల. దీనికి గర్వపడవచ్చు. గర్వంతో పాటు పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ ఉన్న చెరువులనూ బావులనూ కూడా తలచుకోవాలి. చవక మందు ఖర్చులో కొంత ఆ నీళ్ళు కట్టినాయి.

అందరూ ఒకే మందు చేయడం మొదలుపెడితే ధర ఒక్కటిగా పడిపోవాలి. పడలేదు. ఎందుకంటే ప్రతి కంపెనీ తన సొంత మార్కా పేరు పెట్టుకుంది. అమెరికాలో పేటెంటు తీరిన మందును చాలావరకు సరుకు పేరుతోనే అమ్ముతారు. మన దేశంలో దానికీ మార్కా పేరు తగిలించి, డాక్టరు దగ్గరికి మనిషిని పంపి అమ్ముతారు. దీన్నే బ్రాండెడ్ జెనెరిక్ అంటారు. కాబట్టి మన పెద్దాయన "కంపెనీ ట్యూబు" అన్నది కూడా చాలాసార్లు జెనెరిక్కే. మార్కా ఉన్న జెనెరిక్, మార్కా లేని జెనెరిక్, అంతే తేడా.

1975లో జయసుఖ్‌లాల్ హాథీ కమిటీ ఈ మార్కా పేర్లను మెల్లమెల్లగా తీసేయమని చెప్పింది. తర్వాత ప్రభుత్వం ఐదు మందులతో మొదలుపెట్టాలని చూసింది. అనాల్జిన్, ఆస్పిరిన్, క్లోర్‌ప్రొమజీన్, ఫెర్రస్ సల్ఫేట్, పిపెరజీన్. కంపెనీలు కోర్టుకు వెళ్ళాయి. ఆ ప్రయత్నం అక్కడే నిలిచిపోయింది. 2018లో మాత్రం ఒక చిన్న నియమం వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 13 నుంచి డబ్బా మీద సరుకు పేరును మార్కా పేరు కంటే కనీసం రెండు సైజులు పెద్ద అక్షరాల్లో వేయాలి. ఇంట్లో ఉన్న ట్యూబులు ఒకసారి తీసి చూడండి. సరుకు పేరు కనబడుతుంది, చూసే అలవాటే మనకు లేదు.

మన తమిళనాడు ప్రభుత్వం ఇంకొక దారి పట్టింది. 1994లో తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ పెట్టి, 1995 జనవరి నుంచి సర్కారు ఆస్పత్రులన్నింటికీ ఒకేచోట టెండరు వేసి సరుకు పేరుతో మందులు కొనడం మొదలుపెట్టింది. వచ్చిన మందుల నమూనాలను బయటి ల్యాబులకు పంపి పరీక్ష చేయించిన తర్వాతే ఆస్పత్రులకు వదులుతారు. తర్వాత వేరే రాష్ట్రాలు కూడా ఈ పద్ధతి చూసి నేర్చుకున్నాయి. కేంద్రం 2008లో అమృత్‌సర్‌లో మొదటి జన ఔషధి దుకాణం తెరిచింది. 2025 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో ముదల్వర్ మరుందగం పేరుతో దుకాణాలు వచ్చాయి. కాబట్టి ధర్మపురి ఆస్పత్రిలో ఇచ్చే కళింబు "పిండి" అన్న మాట న్యాయం కాదు.

అలాగని కుర్రవాడి మాట పూర్తిగా ఒప్పా? ఇక్కడ చర్మం మందుకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మాత్ర మింగితే అది రక్తంలో ఎంత చేరిందో కొలవవచ్చు. రెండు కంపెనీల మాత్రలు సమానమా అన్నది అలా తేల్చవచ్చు. కళింబు పని చర్మంలోనే. రక్తంలో కొలిస్తే లాభం లేదు. పైగా మందు ఒక్కటే అయినా, దాన్ని కలిపిన జిడ్డు మారితే బలం మారుతుంది. ఒకే శాతం ఉన్న మందు ఆయింట్‌మెంటుగా ఉంటే సాధారణంగా ఎక్కువ లోపలికి పోతుంది, క్రీముగా ఉంటే తక్కువ. ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటివి ఎంత కలిపారన్న దాన్నిబట్టి కూడా మారుతుంది. ఒకే బెటామెథసోన్ డైప్రొపియొనేట్ 0.05 శాతం అమెరికాలో ఒక అడుగుద్రవ్యంలో ఒక తరగతి, మార్చిన అడుగుద్రవ్యంలో దానికంటే పై తరగతి. సారు పొడి ఒకటే అయినా ఇద్దరి ఇళ్ళ సారు రుచి ఒకటి కానట్టు.

1984లో అమెరికా జెనెరిక్ మందులకు చట్టం చేసి దారి తెరిచింది. 1987లో స్టౌటన్ గారే, అంటే 25 ఏళ్ళ ముందు ఆ తెల్లబడే పరీక్ష కనిపెట్టినవారిలో ఒకరు, జెనెరిక్ స్టెరాయిడ్ పూతలను మార్కా పూతలతో పక్కపక్కన పెట్టి చూశారు. కొన్ని సమానంగా ఉన్నాయి. కొన్ని సమానంగా లేవు. దీని మీద పెద్ద చర్చ జరిగింది. 1995లో అమెరికా మందుల శాఖ, స్టెరాయిడ్ పూతలకు జెనెరిక్ అనుమతి కావాలంటే ఆ తెల్లబడే పరీక్షతోనే సమానమని చూపాలని పద్ధతి రాసి ఇచ్చింది. అంటే అనుమానం నిజమే, దానికి మందు కూడా దొరికింది. ఆ మందు పేరు పరీక్ష. మార్కాను నమ్మమని వారు చెప్పలేదు.

మన దేశంలో 2017 ఏప్రిల్‌లో సమానత్వ పరీక్ష తప్పనిసరి చేస్తూ ఒక నియమం వచ్చింది. అది నోటితో వేసుకునే కొన్ని రకాల మందుల గురించి. పూతల గురించి కాదు. ఈ లోటు మార్కా ఉన్న జెనెరిక్‌కూ ఉంది, మార్కా లేని జెనెరిక్‌కూ ఉంది. ఎక్కువ డబ్బు ఇస్తే ఆ లోటు తీరదు. కాబట్టి పంక్తిలో పెద్దాయనకు పావు న్యాయం, కుర్రవాడికి ముప్పావు న్యాయం అని మా లెక్క.

లెక్క అంతటితో అయిపోయి ఉంటే ఆ రోజే చెప్పేసేవాళ్ళం. అయిపోలేదు.

మా పెద్దక్క పిక్కిలిలోనే ఉండేది. మేము సేలంలో పనిలో ఉన్న రోజులు, ముప్పై ఏళ్ళ కిందటి మాట. అక్కకు నడుము దగ్గర చీర కట్టే చోట దురద, గుండ్రని మచ్చ. తోటి గుమస్తా ఒకాయన ఒక ట్యూబు పేరు చెప్పాడు. మందుల షాపులో అడిగితే చీటీ లేకుండానే ఇచ్చారు. తెచ్చి ఇచ్చాము. మూడు రోజుల్లో దురద పోయింది. అక్క మమ్మల్ని డాక్టరు కంటే గొప్పవాణ్ణి చేసి ఊరంతా చెప్పింది.

తర్వాత నెల నెలా సెలవుకు పోయేటప్పుడు అక్కకు రెండు ట్యూబులు. చూసినవాళ్ళు అడిగితే వాళ్ళకు నాలుగు. తర్వాత సంచీలో పది. డబ్బులు తీసుకుంటే అసలు ధరే, లాభం లేదు. ఊరికి మంచి చేస్తున్నామని మా మనసులో ఒక సంతోషం. పూసినన్నాళ్ళు తగ్గేది, ఆపితే తిరిగి వచ్చేది. ప్రతిసారీ ముందుకంటే పెద్దదై వచ్చేది. అక్కకు పొట్ట మీదికీ, తొడల మీదికీ పాకింది. మేము అప్పుడూ అదే తెచ్చి ఇచ్చాము.

ఒక నెల ఆ ట్యూబు షాపులో లేదు. "ఇదీ అదే మందు సార్, కంపెనీ వేరు" అని ఇంకొకటి ఇచ్చారు. అక్క వారం పూసి, "నువ్వు తెచ్చింది డూప్లికేటు రా, చవకది తెచ్చినావు" అని కోప్పడింది. మేమూ నమ్మినాము. మార్కా మందే మందు అని ఆ రోజునుంచి మేమే పదిమందికి చెప్పుకుంటూ తిరిగినాము. సర్కారు కళింబు పిండి అన్న మాట పిక్కిలిలో పుట్టించినవారిలో మేమూ ఒకరం. అందుకే ఆ పంక్తిలో నోరు రాలేదు.

చివరికి అక్కను సర్కారు ఆస్పత్రి చర్మ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాము. ఆమె ట్యూబు అడిగి చూసి, ఏమీ అనకుండా మచ్చ అంచు మీద కొంచెం గీకి, గాజు పలక మీద వేసి, ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ పోసి సూక్ష్మదర్శినిలో పెట్టింది. మమ్మల్ని కూడా చూడమంది. సన్నని దారాల్లాగా కనిపించాయి. "ఇది తామర. మీరు ఇన్నాళ్ళూ పూసింది దాన్ని చంపే మందు కాదు, దానికి ఎరువు" అంది.

స్టెరాయిడ్ చేసేది ఏమంటే, చర్మంలోని మంటను, ఎరుపును, దురదను అణుస్తుంది. ఎగ్జిమాలో, సోరియాసిస్‌లో ఆ మంటే రోగం కాబట్టి అది గొప్ప మందు. తామరలో మంట అన్నది ఒళ్ళు బూజుతో చేసే యుద్ధం. ఆ యుద్ధాన్ని ఆపితే మనకు హాయిగా ఉంటుంది, బూజు లోపల పెరుగుతుంది. గుండ్రని ఆకారం కూడా చెరిగిపోయి గుర్తుపట్టరాకుండా అవుతుంది. 1968లోనే ఇంగ్లండు డాక్టర్లు ఐవ్, మార్క్స్ దీనికి టీనియా ఇన్‌కాగ్నిటో అని పేరు పెట్టారు. అంటే మారువేషంలో ఉన్న తామర. మేము ట్యూబులు మోయడానికి చాలా ముందే ఆ పేరు పుస్తకాల్లో ఉంది.

అక్కకు బూజు మందు వాడి తామర తగ్గింది. కానీ చర్మం పల్చబడి తెల్లని చారలు పడ్డాయి. అవి పోలేదు. అక్క పోయేదాకా ఉన్నాయి. అక్క పోయింది వేరే కారణంతో, వయసు మీద పడి. ఇల్లు సున్నం కొట్టించేటప్పుడు ట్రంకు పెట్టెలో పాత ట్యూబులు రెండు దొరికాయి, అక్క దాచిపెట్టుకున్నవి. కళ్ళద్దాలు పెట్టుకుని మొదటిసారి సరుకు పేరు చదివినాము. మొదటిది క్లొబెటసోల్. "డూప్లికేటు" అని తిట్టించుకున్నది హైడ్రోకార్టిసోన్. అది నకిలీ కాదు, చవకదీ కాదు, అసలు వేరే మందు, అతి మెత్తని తరగతి. మేము మార్కా మారిందని అనుకున్నాము. మారింది సరుకు. ముప్పై ఏళ్ళు సరుకు పేరు గడి నింపిన గుమస్తా చేతిలో ఉన్న ట్యూబు మీది సరుకు చదవలేదు.

ఇది మా ఒక్కరి కథ కాదు. 2011లో మన దేశపు చర్మ డాక్టర్లు పలు ఆస్పత్రుల్లో లెక్క తీశారు. ముఖానికి సంబంధించి వచ్చిన 2,926 మంది రోగుల్లో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూసుకుంటున్నారు. అంటే 14.8 శాతం. తెల్లబడటానికి కొందరు, మొటిమలకు కొందరు. మొహం ఎర్రబడి, వెంట్రుకలు లేచి, ఎండకు నిలవలేక, ఆపితే మండి, మళ్ళీ అదే పూసుకోవడం. ఇక స్టెరాయిడూ, బూజు మందూ, యాంటిబయాటిక్కూ కలిపిన ట్యూబులు. ఏ రోగమో తెలియకపోయినా ఏదో ఒకటి తగులుతుందని కలిపినవి. ఈ పదేళ్ళలో మన దేశంలో మామూలు మందుకు లొంగని తామర పెరిగింది. ఆ బూజుకు 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని మన దేశం పేరు కలిపి పెట్టారు. ఆ పెరుగుదలకు ఇలాంటి కలగలుపు ట్యూబుల వాడకం కూడా ఒక కారణమని డాక్టర్లు అంటారు.

చట్టం కూడా ఆలస్యంగా మేలుకుంది. స్టెరాయిడ్లు షెడ్యూల్ హెచ్‌లో ఉన్నా పూతలకు మినహాయింపు ఉండేది. అందుకే మాకు చీటీ అడగకుండా ఇచ్చారు. 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పూతలకు ఆ మినహాయింపు తీసేశారు. ఇప్పుడు చీటీ లేకుండా అమ్మకూడదు. కాగితం మీద అంతే.

కాబట్టి పెద్దాయనకూ కుర్రవాడికీ కలిపి మా జవాబు ఇది. మీరిద్దరూ తప్పు ప్రశ్న మీద వాదించుకున్నారు. ముందు అడగవలసింది ఇది ఏ రోగం అని. తర్వాత, డబ్బాలో ఉన్న సరుకు ఏది, ఏ తరగతి అని. ఏ కంపెనీ అన్నది మూడో ప్రశ్న. మూడు రోజుల్లో దురద పోయిందంటే రోగం పోయిందని కాదు, పెద్దాయన ఒకసారి ధర్మపురి ఆస్పత్రిలో గీకించి చూపించుకోవాలి.

మన సభ్యులకు నాలుగు మాటలు. ట్యూబు కొన్నా, ఆస్పత్రిలో ఇచ్చినా, సరుకు పేరూ శాతమూ ఒక నోటులో రాసి పెట్టుకోండి. మార్కా మారితే సరుకు, శాతం, క్రీమా ఆయింట్‌మెంటా, ఈ మూడూ ఒకటేనా అని షాపులోనే సరిచూడండి. మూడూ ఒకటైతే చవకది వాడటానికి భయపడకండి, మారిన తర్వాత పనితీరులో తేడా కనిపిస్తే డాక్టరుకు చెప్పండి. క్లొబెటసోల్ లాంటివి రెండు వారాలు మించి డాక్టరు చెప్పకుండా పూయకూడదు, ముఖానికి, గజ్జల్లో, పసిపిల్లలకు సొంతంగా అసలు వద్దు. ఎంత పూయాలన్నదానికి 1991లో లాంగ్, ఫిన్లే అనే డాక్టర్లు ఒక కొలత చెప్పారు. చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండిన మందు సుమారు అర గ్రాము, అది వేళ్ళతో సహా రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది చదివి స్టెరాయిడ్ అంటే విషమని పారేయకండి. ఎగ్జిమాకో సోరియాసిస్‌కో డాక్టరు చూసి రాసి ఇచ్చినది వాడుతూ ఉంటే, వారిని అడగకుండా ఆపవద్దు. మంచం పట్టిన మనిషిని లేపి నడిపించిన మందు ఇది. తప్పు మందుది కాదు, సంచీలో పది ట్యూబులు మోసినవాళ్ళది.

ఆ రోజుల్లో పిక్కిలిలో మా దగ్గర ట్యూబు తీసుకున్నవాళ్ళు ఎవరైనా, వాళ్ళ పిల్లలు ఎవరైనా ఇది చదువుతూ ఉంటే, మమ్మల్ని క్షమించండి. ఇంట్లో ఇంకా అదే వాడుతున్నవారు ఉంటే మాకు ఫోను చేయండి. ఈసారి ట్యూబు తెచ్చి ఇవ్వము. మీతో కూడా ఆస్పత్రికి వస్తాము, వరుసలో నిలబడతాము. రిటైరైనవాళ్ళం, మాకు తీరిక ఉంది.

ఇట్లు, మీ సంఘ సభ్యులం.